రెండు వేళ్ళు కురచ

తొమొనౌర
2004 అక్టోబరు 12

మిసావో,

తుపాను వెళ్ళిపోయింది. ఈ ఏడాదికిది ఎన్నోదో లెక్కపెట్టడం మానేశాను. రేవులో పడవల మీద నేను కుట్టిన కప్పులు ఒక్కటీ చిరగలేదు. బజారు కొట్లో కొన్న ప్లాస్టిక్ పట్టాలు మాత్రం ఎగిరిపోయి గుడి మెట్లమీద కూర్చున్నాయి. ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయాలంటారు కదా, రాశాను.

నీ కారు టాపు కుట్టేశాను. ఈ ఉత్తరం ఆ పార్సిల్లోనే పెడుతున్నాను. నువ్వు కొలతకని పంపిన పాత టాపును ఎత్తి పట్టుకుంటే అవతలి గోడ కనబడింది. అది టాపా, జల్లెడా? "నలభై ఆరేళ్ళ మనిషి పైకప్పు విప్పుకుని తిరిగే రెండు సీట్ల కారు కొనడమేమిటి, దీనికి మతిగానీ పోయిందా?" అన్నాను. మీ అత్తయ్య వెంటనే అందుకుంది. "ఇరవై నాలుగేళ్ళు టూరిస్టు బస్సులో గైడుగా నిలబడిందండీ. జనంవైపు తిరిగి, రోడ్డుకి వీపు పెట్టి. ఇప్పుడైనా ఎదురుగా ఏముందో చూడనివ్వండి" అంది. ఇక మిషను ముందు కూర్చుని కుట్టాను.

ఇక అసలు సంగతి. నాకు డెబ్బై నాలుగు. యాభై ఐదేళ్ళుగా పడవలకే కుట్టాను, కారుకి కుట్టడం ఇదే మొదలు. మా అల్లుడు నా కుట్టుమిషను తీసేసి ఆ చోట యాత్రికులకి కాఫీ అమ్ముదామంటున్నాడు. "ఈ రోజుల్లో పడవ కప్పులు ఎవరికి కావాలి మామగారూ?" అంటాడు. "పడవలు కాకపోతే కార్లు" అన్నాను. ఇద్దరం ఒక మాట అనుకున్నాం. నీ టాపు సరిగ్గా అమరిందా, మిషను ఉన్నచోటే ఉంటుంది. అమరలేదా, కొట్టు అతనిది. మా ఊరి పళ్ళ డాక్టరు ఒకుమురకీ నీలాంటి బండే ఉంది, ఎర్రది. నీ టాపు ఎలా ఉందో విని తనదీ ఇస్తానన్నాడు. కాబట్టి ఉన్నదున్నట్టు రాయి. ఫోను చేయకు. ఫోను ఆర్డర్లకీ చావు కబుర్లకీ.

టాపు మడిచేటప్పుడు వెనక ప్లాస్టిక్ కిటికీ మడతలో మెత్తని తువ్వాలు పెట్టడం మరిచిపోకు. చలిలో ఆ కిటికీని తొందరపడి మడిచావంటే అప్పడంలా విరుగుతుంది.

మీ మామయ్య
ఇసాకు

వెనకవైపు అత్తయ్య రాస్తున్నాను. ఆయన పార్సిల్ కట్టే తాడు కోసం వెళ్ళారు. ఆయన కళ్ళు బాగా తగ్గిపోయాయి మిసావో. అంచుల నుంచి లోపలికి చీకటి వస్తోందని, ఇక ఆగదని డాక్టరు చెప్పాడు. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. టేపు మీద అంకెలు చూస్తున్నట్టు నటిస్తారుగానీ, చూడడం లేదు. నీకు చెప్పానని అనకు తల్లీ. తొమి.


మత్సుమొతో
2004 నవంబరు 7
(ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు)

మామయ్యకు,

ఇక్కడ యాపిళ్ళ కోత అయిపోవచ్చింది. ఊరంతా తీపి వాసన. మీ పార్సిల్ విప్పితే అందులోంచి సముద్రం వాసన వచ్చింది, రెండూ కలిసి ఇల్లంతా నిండిపోయాయి. కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా వెళ్ళాను. ఎక్కడా ఒక్క ముడి తగల్లేదు.

మామయ్యా, టాపు కురచైంది.

ట్రాక్టర్లు బాగుచేసే హిరబయాషిగారు నిన్న బిగించారు. వెనక అంచు చక్కగా కూర్చుంది, పక్కలూ బావున్నాయి. ముందుకు లాగి అద్దం పైనున్న రెండు కొక్కేలకి తగిలిద్దామంటే అందలేదు. కుడివైపు రెండు వేళ్ళు, ఎడమవైపు రెండు వేళ్ళు. ఆయన కాలు తన్నిపెట్టి లాగారు. "మీ మామయ్యగారి వయసెంత?" అన్నారు. చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు.

ఆ సందులో నా రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాను. ఇది ఎలా రాయను మీకు?


మత్సుమొతో
2004 నవంబరు 7

మామయ్యకు,

ఇక్కడ యాపిళ్ళ కోత అయిపోవచ్చింది. మీకొక పెట్టె పంపిస్తున్నాను, అడుగున ఉన్నవి ముందు తినండి.

టాపు అద్భుతంగా ఉంది. హిరబయాషిగారు బిగించి టోపీ తీశారు. అల్లుడుగారికి చెప్పండి, కాఫీ మరోచోట కాచుకోమని.

బిగించగానే మడిచేసి, మీరు చెప్పినట్టే తువ్వాలు పెట్టి, నది వెంబడి వెళ్ళాను. ఇన్నేళ్ళూ బస్సు కిటికీ చట్రంలోనే ఆకాశాన్ని చూశాను. అది అంత పెద్దదని నాకెవరూ చెప్పలేదు. పుల్లలు కాలుస్తున్న పొలం దాటితే పొగ వాసన, ఇంకాస్త ముందుకెళ్తే ఎవరింట్లోనో చేప కాలుస్తున్న వాసన, ఆ తర్వాత ఉత్త చల్లగాలి. ఒక్కో ఇంటి మధ్యాహ్నం నా ఒళ్ళోంచి వెళ్ళిపోతున్నట్టుంది. ఎర్ర దీపం దగ్గర ఆగితే కాలిబాట మీద ఉన్న ఒక తాతగారు వంగి చూశారు. "చలెయ్యట్లేదామ్మా?" "వేస్తోందండీ." "మరి?" "బావుందండీ." ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

అత్తయ్యను అడిగానని చెప్పండి.

మీ
మిసావో


తొమొనౌర
2004 నవంబరు 25

మిసావో,

నీ యాపిళ్ళు వచ్చాయి. అడుగున ఉన్నవి ముందు తినమన్నావు, పైవి అల్లుడు తినేశాడు. నీ ఉత్తరం అతనికి గట్టిగా రెండుసార్లు చదివి వినిపించాను, నిజానికి మీ అత్తయ్య చదివింది. యాపిల్ నములుతూ "సరేలెండి" అన్నాడు. ఆ "సరేలెండి" కోసం నేను మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాను.

మిషనుకి నూనె వేశాను. పళ్ళ డాక్టరుకి చెప్పాను. మహా జాగ్రత్తపరుడతను. "చలికాలం ఎలా గడుస్తుందో చూద్దాం తాతా, వానకి నిలబడాలిగా" అన్నాడు. పన్ను పీకేటప్పుడు మాత్రం ఇంత నిదానం చూపించడు.

నువ్వు రాసిందంతా టాపు తీసి తిరిగిన సంగతే. వేసుకుని తిరిగిన సంగతి ఒక్క ముక్క లేదు. నేను నెల రోజులు కుట్టింది మడిచి వెనక పెట్టుకోవడానికా? వాన పడ్డప్పుడు లోపల కూర్చుని ఆ చప్పుడెలా ఉందో రాయి. బట్ట మంచిదా కాదా అనేది వాన చప్పుడే చెబుతుంది. నేను చూడక్కర్లేదు, వింటే చాలు.

ఇసాకు


మత్సుమొతో
2005 జనవరి 16

మామయ్యకు, అత్తయ్యకు కొత్త సంవత్సరంలో మొదటి ఉత్తరం.

కొండలన్నీ తెల్లబడ్డాయి. పొద్దున్నే గిన్నెలో నీళ్ళు గడ్డకడుతున్నాయి. రోడ్డుమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతున్నారు, అందుకని ఎండ కాసి రోడ్డు ఆరిన రోజుల్లోనే బండి తీస్తున్నాను. ఇంటికి రాగానే అడుగంతా కడుగుతాను, లేకపోతే తుప్పు తినేస్తుంది. తలుపుల కింద నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉన్నాయి, వాటిలో ఎండుటాకులు అడ్డుపడితే పుల్లతో తీస్తాను. పులియబెట్టిన సోయా ముద్ద, మిసో, అమ్మే కొట్టు ముసలమ్మగారు వాళ్ళ షెడ్డులో చోటిచ్చారు. బండి తీసేసరికి సీట్లకి మిసో వాసన పట్టి ఉంటుంది.

చలికాలమే దీనికి అసలు కాలం మామయ్యా. నమ్మరు కదూ? కాళ్ళ దగ్గర వేడిగాలి పూర్తిగా తిప్పి, ఒళ్ళో వేడినీళ్ళ సంచి పెట్టుకుని, మెడకి ఉన్ని కండువా రెండు చుట్లు చుట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరతాను. మంచు పడుతుంటే ఆరుబయట వేడినీటి మడుగులో మెడదాకా మునిగి కూర్చుంటాం చూడండి, అచ్చం అలాగే. ఒళ్ళు వెచ్చగా, ముఖం చల్లగా, పైన ఏమీ లేకుండా. మొన్న కొండదారిలో దేవదారు చెట్ల కిందనుంచి వెళ్తుంటే కొమ్మ మీది మంచు పిడికెడు జారి పక్కసీట్లో పడింది. కరిగేదాకా దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే వెళ్ళాను. ఎదురుగా ఇంకొక టాపులేని బండి వచ్చింది. లోపలున్నాయన చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. ఈ బండ్లవాళ్ళకది అలవాటట. ముక్కూ మొహం తెలియని మనిషి, అయినా ఆ రోజంతా నాకు పండగలాగే గడిచింది.

చినుకులకి కూడా భయం లేదు. కాస్త వేగంగా వెళ్తే చినుకులు అద్దం మీంచి తల దాటి వెనక్కి పోతాయి, ఒక్కటీ మీద పడదు. ఎర్ర దీపమొక్కటే నా శత్రువు.

వాన చప్పుడు అడిగారు కదా. పెద్దవానలో షెడ్డు ముందు ఆపి విన్నాను. పొడిగా, సన్నగా, పట్‌పట్‌మని తలకి దగ్గరగా వినిపించింది. చినుకు చినుకుకీ మధ్య ఖాళీ తెలిసింది. హాయిగా ఉంది.

మీ
మిసావో


తొమొనౌర
2005 ఫిబ్రవరి 26

మిసావో,

నువ్వు రాసింది గొడుగు చప్పుడు.

మీ అత్తయ్య చేత మూడుసార్లు చదివించుకున్నాను. పొడిగా, పట్‌పట్‌మనేది గొడుగు. బిగించిన గుడారం బట్ట అలా మోగదు. అది గుమ్మని, అంతా ఒక్క చప్పుడుగా మోగుతుంది, చినుకుల మధ్య ఖాళీ తెలియనే తెలియదు. యాభై ఐదేళ్ళు విన్నాను. నా కళ్ళ సంగతి ఎలా ఉన్నా చెవులకేం కాలేదు.

దాంతో నాకు అర్థమైపోయింది. నాకు బట్ట అమ్మే ఫుజివర పల్చటి బట్ట అంటగట్టాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహం. పోయిన మంగళవారం కొట్టుకి వస్తే "ఇదేనా నువ్వు నాకు చేసింది?" అని కడిగేశాను. "ఇసాకుగారూ, ఎప్పుడూ ఇచ్చే బట్టేనండీ" అంటాడు. "నా మేనకోడలు విన్నదయ్యా! దానికి అబద్ధం చెప్పే అవసరమేముంది?" అన్నాను. ఆయన టీ ముట్టకుండా లేచిపోయాడు. ఇంకొకరి దగ్గర మందమైన బట్ట తెప్పించాను. పళ్ళ డాక్టరు ఒప్పుకున్నాడు. నీ కొలతలే, నీ కత్తిరింపే, అంగుళం మార్చను. మార్చి 10 మంచి రోజు, ఆ రోజు పొద్దున కత్తెర పెడుతున్నాను.

ఇంకొకటి. ఒళ్ళో వేడినీళ్ళ సంచి, చేతుల్లో స్టీరింగు. మరి ఆ ఫ్లాస్కు ఎవరు పట్టుకున్నారు? మంచు గడ్డ అని రాశావుగానీ పక్కసీట్లో మంచుగడ్డే కూర్చుందా? ఎవరైనా ఉంటే చెప్పు, కొట్టనులే. నువ్వు విడాకులు తీసుకుని పదేళ్ళయింది, మీ అత్తయ్యకి ఆశగా ఉంది.

ఇసాకు


మత్సుమొతో
2005 మార్చి 4

మామయ్యకు,

నిన్న ఫోను చేశాను. "ఎవరు పోయారు?" అన్నారు. "ఎవరూ పోలేదు మామయ్యా, టాపు గురించి..." అనబోతే "అయితే ఉత్తరం రాయి" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అందుకని ఎక్స్‌ప్రెస్ ఉత్తరం వేస్తున్నాను. పదో తారీకు లోపల అందాలి, ముందు ఈ ఒక్క వాక్యం చదివించుకోండి: కత్తెర పెట్టకండి.

దీంతోపాటు నవంబరు 7న రాసి పోస్టు చేయని ఉత్తరం ఉంది. అది చదవండి. ఆ రోజు రాసినవి రెండు, అబద్ధమున్నదే మీకు పంపాను.

టాపు ఒక్కరోజు కూడా మూతపడలేదు. రెండు వేళ్ళు కురచ. వాన వస్తే వంతెనల కింద ఆగుతున్నాను. మీరు అడిగిన చప్పుడు కోసం తెరిచిన కారులో గొడుగు వేసుకుని కూర్చుని విన్నాను. మీరు కనిపెట్టేశారు. కనిపెట్టి, ఫుజివరగారిని అనేశారు. ఆయన తప్పేమీ లేదు. నా తప్పు. కొట్టు పోతుందని, మిషను తీసేస్తారని భయపడ్డాను. మీ కళ్ళ వల్ల కొలత తప్పిందని, అది మీకు తెలియకూడదని అనుకున్నాను. అత్తయ్య చెప్పారు, ఆవిడను ఏమీ అనకండి. నేను నోరు మూసుకున్నందుకే అదే కొలతతో రెండో టాపు కూడా కత్తిరించబోతున్నారు. అది తలుచుకుంటే నాలుగు రోజులుగా నిద్ర లేదు.

ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. చలికాలం గురించి రాసిందంతా నిజం. మొదట మీ కోసం టాపులేకుండా తిరిగాను, వణుక్కుంటూ, మిమ్మల్నీ నన్నూ తిట్టుకుంటూ. రెండో వారానికి అలవాటైంది. నెల తిరిగేసరికి అలా తిరగకపోతే తోచడం మానేసింది. ఇంట్లో కూర్చుంటే పైకప్పు నెత్తిన ఉన్నట్టే ఉంటోంది. నేను అబద్ధం రాసి పంపిన సంతోషం ఎప్పుడో నిజంగానే వచ్చేసింది.

ఫ్లాస్కు కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఎవరూ లేరు.

క్షమించండని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

మిసావో


తొమొనౌర
2005 మార్చి 9

ఓసి పిచ్చిదానా,

కొత్త టాపు కురచగా కాక ఎలా ఉంటుందే?

ఈ రేవులో చంటిపిల్లని అడిగినా చెబుతుంది. గుడారం బట్ట సాగుతుంది. మొదటిరోజే సరిపోయిందంటే ఏడాది తిరిగేసరికి వదులై, మధ్యలో గుంట పడి, నీళ్ళు నిలిచి, టపటపా కొట్టుకుని చిరుగుతుంది. అందుకే రెండు వేళ్ళు తగ్గించి కోస్తాం. మా నాన్న అలాగే కోశాడు, నేనూ అంతే. మంచి ఎండలో మధ్యాహ్నందాకా పరిచి ఉంచాలి. బట్ట వేడెక్కాక ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి, ఒక్క ఊపిరిలో, ఒకేసారి లాగి తగిలించాలి. తగిలించాక నెల రోజులు విప్పకూడదు. అప్పుడది బండి ఒంటికి అమరి జీవితాంతం ఉంటుంది. ఈ మాట పార్సిల్లో ఎందుకు రాయలేదంటావా? అన్నం నమిలి మింగు అని ఎవరైనా రాస్తారా? మా పడవలవాళ్ళకి ఎవడికీ నేనిది చెప్పలేదు. కొండల్లో ఉండేవాళ్ళకి తెలియదని నాకు తోచనే లేదు. ఆ ట్రాక్టర్ల మనిషి నవంబరు చలిలో ఒక్కడే లాగాడు! నువ్వేమో ఆ తర్వాత నాలుగు నెలలు మడిచి పెట్టావు. ఈపాటికి ఇంకో వేలు బిగుసుకుని ఉంటుంది.

నీమీద కోపం వచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు, నా చెయ్యి తప్పిందనుకున్నందుకు. కళ్ళు పోయాయి, నిజమే. ఇప్పుడు మధ్యలో ఒక కిటికీ అంత మిగిలింది, అదీ రోజురోజుకీ చిన్నదవుతోంది. ఎంత పోయాయో మీ అత్తయ్యకి తెలియదనుకుని నేను దాచాను, నాకు తెలియకుండా ఆవిడ నీకు చెప్పింది, నువ్వు మా ఇద్దరి దగ్గరా దాచావు. బావుంది మన సంసారం. కానీ టేపు కళ్ళతో చూడను మిసావో, ఏనాడూ చూడలేదు. నా వేళ్ళకి తెలుసు.

ఫుజివర ఇంటికి పగడం రంగు పెద్ద చేప పట్టుకుని వెళ్ళి, గుమ్మంలో తల నేలకి ఆనించాను. "లేవండి ఇసాకుగారూ, చేప మెత్తబడుతుంది" అన్నాడు. రేపు కత్తెర పెడుతున్నాను, అదే కొలతకి, ఆయన బట్టతోనే.

అల్లుడు మాత్రం ఊరుకోవట్లేదు. "మూతపడని టాపు అమరినట్టెలా అవుతుంది?" అంటున్నాడు. మూసి చూపిస్తానన్నాను. నీ ఊళ్ళో ఇంకొక జత చేతులు ఉన్నాయా? లేకపోతే మే నెల ఎండలకి నేనే వస్తాను. మూతపడకపోతే కొట్టు తాళంచెవి అతనికిచ్చేస్తాను. మాటంటే మాటే.

ఇసాకు


మత్సుమొతో
2005 జూన్ 5

మామయ్యకు,

మీరు వెళ్ళి వారం. వరిమడుల్లో నీళ్ళు నిండాయి, కొండలన్నీ వాటిలో తలకిందులుగా నిలబడ్డాయి. మీరు రైల్లో మరిచిపోయారనుకున్న తువ్వాలు నా సీటు కింద దొరికింది. మీకు పంపను, కిటికీ మడతకి వాడుకుంటాను.

ఇప్పుడు చెప్పొచ్చు కదా, మార్చిలో మీరు రాసింది నేను నమ్మలేదు. పరువు కోసం కథ అల్లారనుకున్నాను. స్టేషన్లో మీరు దిగి, నా గొంతు వచ్చినవైపు చెయ్యి చాపి, నా భుజం తప్పి స్తంభాన్ని పట్టుకున్నప్పుడు ఇంకా నమ్మలేదు. షెడ్డు ముందు టాపు పరిచి, మధ్యాహ్నందాకా ఎండలో దాని పక్కనే మిసో ముసలమ్మగారి ఉప్పుముల్లంగి నములుతూ కూర్చున్నారు. మధ్యమధ్య అరచెయ్యి పెట్టి "ఇంకా లేదు" అన్నారు. "ఇంకా లేదు." "ఇంకా లేదు." ముసలమ్మగారు నా చెవిలో "అన్నం ఉడికిందా అని చూస్తున్నట్టు చూస్తున్నారే" అన్నారు. ఒంటిగంటకి లేచి "కుడి నీది, ఎడమ నాది. ఊపిరి పీల్చు" అన్నారు.

రెండు కొక్కేలూ ఒకేసారి పడ్డాయి మామయ్యా. ఒకటే చప్పుడు. నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. మీరు మాత్రం "హుఁ" అని, టాపు చుట్టూ అరచేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగొచ్చారు. ఆ అరచెయ్యి వెళ్ళిన దారినే నేనూ వెళ్ళాను, మీకు తెలియకుండా. దద్దుర్లు లేని పసిపిల్ల వీపులా ఉంది. ముసలమ్మగారు తీసిన ఫోటోలు నాలుగు పంపుతున్నాను. కొక్కేలు పడ్డది స్పష్టంగా కనబడుతోంది. అల్లుడుగారి ఎదురుగా కవరు చింపండి. పళ్ళ డాక్టరుగారి టాపుకి అత్తయ్య కుడివైపు లాగిందని రాశారు, ఆవిడ చేతులు ఎలా ఉన్నాయి?

ఇక ఆ ప్రయాణం గురించి.

మూసిన బండిలో నేను కూర్చోవడం అదే మొదలు. చీకటిగా, కొత్త బట్ట వాసనతో, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఇద్దరం రైలుకి బయల్దేరాం. "నెల రోజులు విప్పకు" అని మీరు మూడోసారి చెప్పారు. "సరే మామయ్యా" అన్నాను మూడోసారి. వరిమడులు మొదలయ్యాయి. కప్పలు అరుస్తున్నాయి, ఆ చప్పుడు బట్టమీంచి మందంగా వస్తోంది. "ఏం కనబడుతోందక్కడ?" అన్నారు. "కొండలు" అన్నాను. మీరన్నారు, "తీసెయ్."

"నెల రోజులన్నారుగా!"

"నా టాపు. నేనంటున్నాను. తీసెయ్యవే."

గట్టు పక్కన ఆపి, కొక్కేలు వదిలి, తువ్వాలు పెట్టి మడిచాను. ఒక్కసారిగా కప్పల గోల, బురద వాసన, వెలుతురు. మీరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ముఖం పైకెత్తారు. మీకు ఎంత కనబడిందో నేను అడగలేదు. "గైడమ్మా, డబ్బులు తీసుకుని నోరు మూసుకుంటావేం?" అన్నారు. అప్పుడు మొదలుపెట్టాను, నా బస్సు గొంతుతో. "ఎడమవైపు చూడండి, అదిగో సీతాకోకచిలుక కొండ. వసంతం చివర మంచు చాలావరకు కరిగి, సీతాకోకచిలుక ఆకారంలో కొంచెమే మిగులుతుంది. ఆ రెక్కలు చూసే ఇక్కడి రైతులు పొలం పనులు మొదలుపెడతారు."

ఇరవై నాలుగేళ్ళు చెప్పిన మాటలవి, రోజుకి రెండుసార్లు, దానికి వీపు పెట్టి. మీరు అడిగారు, "ఉందా? నిజంగా?" జవాబు నోటిచివరే ఉంది, అలవాటు కదా. కానీ నేను ఆగి చూశాను. తలెత్తి, మధ్యలో అద్దం లేకుండా, చట్రం లేకుండా చూశాను. "ఉంది మామయ్యా. ఎడమ రెక్క కొంచెం కరిగింది. కుడి రెక్క మొత్తం ఉంది" అన్నాను. మీరు "గొడుగు చప్పుడు కాదుగా?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. కాదు మామయ్యా. ఉంది.

రైలు తప్పిపోయింది. తర్వాతదానికి ఎక్కారు. తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తారు, ఎదురొచ్చే బండ్లవాళ్ళు ఎత్తుతారే, అలా.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మీరు వెళ్ళాక టాపు మూద్దామని చూశాను. మళ్ళీ బిగుసుకుంది, ఒక వేలు కురచ. హిరబయాషిగారు వస్తామన్నారు, ముసలమ్మగారూ లాగుతామన్నారు. వద్దన్నాను. వచ్చేవారం నుంచి వర్షాలట. ఎడమ కొక్కెం మీది. మళ్ళీ ఎప్పుడొస్తారు?

మీ
మిసావో


తొమొనౌర
2005 జూన్ 11
(పోస్టుకార్డు. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర వరసలు)

మిషను ఉంది.
జూలైలో ఎండ రాగానే వస్తాను.
అందాకా గొడుగు పట్టుకో.
చప్పుడెలా ఉందో రాయి.

ఇసాకు